చిక్కుడు పాదు మీద పేనుబంక, పత్తి చేలో మందు బిల్లు

(మండల స్థాయి రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరునే ఉంచి, ఒకే మాట రెండుసార్లు వచ్చిన చోట్ల మాత్రం తీసేశాం. - సంపాదకవర్గం)

అక్కయ్యలు కాస్త ముందుకొచ్చి కూర్చుంటే మంచిది. ఇవాళ నేను మాట్లాడేదాంట్లో సగం మీ పెరటి సంగతే.

నాకిచ్చిన అంశం పేనుబంక. ఇందాక బయట టీ తాగుతుంటే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మద్దతు ధర గురించి మాట్లాడకుండా పేను మీద గంటసేపు క్లాసేంది?" అని. న్యాయమైన ప్రశ్నే. మద్దతు ధర ఢిల్లీలో తేలుతుంది, దానికోసం రోడ్డెక్కుతూనే ఉన్నాం, ఇంకా ఎక్కుతాం. కానీ మందుల కొట్టులో అయ్యే బిల్లు ఉంది చూశారా, అది మన ఊళ్లోనే తేలుతుంది. ఆ బిల్లులో మొదటి పద్దు చాలామందికి ఈ పేనుబంక పేరు మీదే పడుతోంది. మొలక నాలుగాకులేసిందో లేదో, ఆకు కొంచెం ముడుచుకుందో లేదో, పంపు భుజానికెత్తుతాం. అక్కడ మొదలైంది చివరిదాకా ఆగదు.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. పోయినేడు పుష్య మాసంలో మా పెరట్లో చిక్కుడు పాదుకు పేను పట్టింది. పశువుల కొట్టం మీదికి పాకించిన పాదు అది. సంక్రాంతి నుంచి శివరాత్రిదాకా మా ఇంటికీ, చుట్టుపక్కల మూడిళ్లకూ కూర అదే. చిగుళ్లు, పూత కాడలు, లేత కాయలు నల్లగా పేనుతో నిండిపోయాయి. పత్తికి కొట్టగా మిగిలిన సగం సీసా కొట్టంలో ఉంది. ఆలోచించలేదు. ట్యాంకులో ఇంత పోసి కొట్టేశాను. మూడో రోజుకు పాదు శుభ్రంగా ఉంది. నా అంత మొనగాడు లేడనుకున్నాను. వారం తిరగకుండా మళ్లీ వచ్చింది. మళ్లీ కొట్టాను, ఈసారి కొంచెం ఎక్కువ పోసి. పది రోజుల్లో ముందుకంటే రెట్టింపు. మూడోసారి పంపు తీస్తుంటే మా అమ్మ అడ్డమొచ్చింది. "నువ్వు కొట్టిన్నుంచి నేను ఒక్క కాయ కొయ్యలేదు. ఎవరి కోసం కాపాడుతున్నావురా ఈ పాదుని?" అంది.

అప్పుడు సీసా చూశాను. ఎర్ర త్రికోణం. మోనోక్రోటోఫాస్. కూరగాయల మీద దాని వాడకాన్ని మన దేశంలో ఎప్పుడో నిషేధించారు. అమ్మ కొయ్యలేదు సరే, ఆ వారంలో పక్కింటి పిల్ల రెండు గుప్పెళ్లు కోసుకుపోయిందని తర్వాత తెలిసింది. ఏమీ కాలేదు. కాకపోవడం మా అదృష్టం, నా తెలివి కాదు. 2013లో బీహార్‌లోని సరన్ జిల్లాలో బడి పిల్లలు మధ్యాహ్న భోజనం తిని 23 మంది చనిపోయారు. వంటనూనెలో కలిసింది ఇదే మందు. మన కొట్టాల్లో, వంటింటి అటకల మీద సగం వాడిన సీసాలు ఎన్ని ఉన్నాయో ఇవాళ ఇంటికి వెళ్లాక ఒకసారి లెక్కపెట్టండి.

సరే, ఇంతకీ మందు కొట్టినా పేను ఎందుకు మళ్లీ వచ్చింది? అది మొండి పురుగనీ, మందు నకిలీదనీ అనుకుంటాం. నకిలీ మందులు లేవని నేననను. కానీ నా పెరట్లో జరిగింది వేరు.

ఈ పురుగు సంసారం మనకు తెలిసిన ఏ పురుగుదీ లాంటిది కాదు. కాయతొలుచు పురుగు అయితే రెక్కల పురుగు గుడ్డు పెట్టాలి, గుడ్డు పగలాలి, లద్దెపురుగు పెరగాలి, మట్టిలో నిద్ర పోవాలి. పేనుకు అంత తతంగం లేదు. మన వాతావరణంలో మీకు చేలో కనపడే పేనులన్నీ దాదాపు ఆడవే. మగదానితో పనిలేదు. గుడ్డు పెట్టదు, నేరుగా పిల్లనే కంటుంది. ఆ పుట్టిన పిల్ల కడుపులో దాని పిల్లలు అప్పటికే తయారవుతూ ఉంటాయి. వారం పది రోజుల్లో అదీ తల్లి అవుతుంది. లెక్క వేద్దాం. ఒక చిగురు మీద వంద తల్లులున్నాయి. మందు కొట్టావు, తొంభై చచ్చాయి. మిగిలిన పది రోజుకు మూడేసి పిల్లల్ని కన్నాయనుకో, మూడు రోజుల్లో తొంభై పిల్లలు. తల్లులతో కలిపి మళ్లీ వంద. తొంభై శాతం చంపిన మందు మంచి మందే కదా, అయినా నాలుగో రోజు పొద్దున చిగురు చూస్తే మందు పని చెయ్యనట్టే ఉంటుంది.

మరి వందకు వంద చంపే మందు ఉండదా? ఉండదు. పేను ఉండేది ఆకు అడుగున, చిగురు మడతల్లో. మనం నాజిల్ పై నుంచి ఊపుకుంటూ పోతాం. ఆకు పైభాగం తడుస్తుంది. కింద దాక్కున్నది దాక్కునే ఉంటుంది.

ఇంకో మాట. చేలో ఆ పేనును తినేవాళ్లు ఉన్నారు. జొన్న గింజంత, ఎర్రగానో నారింజ రంగులోనో, వీపు మీద నల్ల చుక్కలో వంకర గీతలో ఉండే అక్షింతల పురుగులు మీ అందరికీ తెలుసు. పెద్ద పురుగును అందరూ గుర్తుపడతారు. దాని పిల్లను మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. అది నల్లగా, పొడుగ్గా, వీపు మీద నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా ఉంటుంది. దాన్ని చూసి కొత్త పురుగొచ్చిందని భయపడి మందు కొట్టిన రైతులు నాకు తెలుసు. నేనూ వాళ్లలో ఒకణ్ని. ఆ మొసలి పిల్ల రోజుకు పదుల సంఖ్యలో పేనును నమిలేస్తుంది. మరొకటి ఉంది. కాళ్లు లేకుండా, పాకుడు పురుగులా, లేత ఆకుపచ్చగా పేను గుంపు మధ్యలోనే పడుకుని ఉంటుంది. తేనెటీగలా కనపడి, పూల దగ్గర గాలిలో ఒకేచోట నిలబడి ఎగిరే సిర్ఫిడ్ ఈగ పిల్ల అది. అల్లిక రెక్కల పురుగు అని ఇంకొకటుంది. దారం కొసన ముత్యం కట్టినట్టు, సన్నటి కాడ మీద గుడ్డు పెడుతుంది.

వీటన్నిటికంటే చిత్రమైంది కంటికి ఆనని చిన్న కందిరీగ. అది పేను ఒంట్లో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే పెరిగి పేనును లోపలి నుంచి తినేస్తుంది. పేను ఉబ్బిపోయి, ఎండుగడ్డి రంగుకు తిరిగి, కదలకుండా ఆకుకు అతుక్కుపోతుంది. వీపు మీద గుండ్రటి కన్నం ఉంటే కందిరీగ బయటికి ఎగిరిపోయినట్టు లెక్క. మీ ఆకు మీద అలాంటి ఉబ్బిన పేనులు వరసగా కనపడుతుంటే, దయచేసి పంపు ఇంట్లోనే పెట్టండి. ఆ చేలో పని మొదలైపోయింది.

ఇప్పుడు మందు కొడితే ఏమవుతుందో చూడండి. పేను తొంభై శాతం చచ్చింది, అక్షింతల పిల్ల, ఈగ పిల్ల, కందిరీగ కూడా చచ్చాయి. పేను నాలుగు రోజుల్లో తేరుకుంటుంది. అక్షింతల పురుగు గుడ్డు పెట్టి, ఆ పిల్ల పెద్దదై, మళ్లీ చేనంతా పరుచుకోవాలంటే వారాలు పడుతుంది. ఆ మధ్యలో పేనుకు అడ్డు లేదు. మా చిక్కుడు పాదు మీద జరిగింది ఇదే. అమ్మ ఏం చేసిందో చెప్తాను. పేను బాగా పట్టిన చిగుళ్లను కొడవలితో కోసి, గోనెసంచిలో వేసి, తీసుకెళ్లి పెంటలో పూడ్చింది. మిగిలిన వాటి మీద పొద్దున్నే మంచు తడి ఉండగా పొయ్యిలో బూడిద చల్లింది. రెండు వారాలు అంతే. పేను తగ్గింది. మా అమ్మ ఇప్పటికీ బూడిద మహిమే అంటుంది. నా మట్టుకు నాకు, బూడిద సగం పనే చేసింది, మిగతా సగం మందు ఆపడం వల్ల తిరిగొచ్చిన అక్షింతల పురుగులు చేశాయనిపిస్తుంది. ఆ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.

ఇక పత్తి దగ్గరికి వద్దాం. పత్తి మీది పేను, బెండ మీదిది, పెరట్లో మందారం మీదిది, దోస గుమ్మడి పాదుల మీదిది చాలావరకు ఒకే జాతి. చిక్కుడు, అలసంద, మినుము, వేరుశనగ మీద కనపడే నల్ల పేను వేరే జాతి. ఈ తేడా తెలిస్తే డబ్బు మిగులుతుంది, ఎలాగో తర్వాత చెప్తాను.

బీటీ పత్తి మన దేశంలో అమ్మకానికి వచ్చింది 2002లో. అది కాయతొలిచే పురుగుల కోసం చేసిన విత్తనం. రసం పీల్చే పేను, పచ్చదోమ, తెల్లదోమ మీద దానికి పని లేదు. "బీటీ వేశాను, అయినా పురుగు పట్టింది" అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అందుకే కంపెనీలు గింజకు రంగు మందు పట్టించి ఇస్తున్నాయి. చాలా ప్యాకెట్లలో అది ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు. మొదటి నెల దాదాపు ఆ మందే మొక్కకు కాపలా కాస్తుంది. ఆ నెలలో కొట్టే స్ప్రే డబ్బు వృథా. తర్వాత నెల దాటగానే మనం వెళ్లి తెచ్చుకునేది ఏమిటి? ఇమిడాక్లోప్రిడ్. అది పని చెయ్యలేదంటే అసిటామిప్రిడ్. అదీ కాదంటే థయామిథాక్సామ్. మూడు పేర్లు, మూడు డబ్బాలు, మూడు ధరలు. కానీ మూడూ ఒకే కుటుంబం మందులు, పురుగు ఒంట్లో ఒకేచోట దెబ్బకొడతాయి. ఒకదాన్ని తట్టుకున్న పేను మిగతా రెంటినీ చాలావరకు తట్టుకుంటుంది. గింజ దగ్గర్నుంచి మూడు నెలలు ఒకే రకం మందు తాగించి, తట్టుకునే పేనును మనమే ఏరి పెంచుతున్నాం.

కాబట్టి డబ్బా కొన్నప్పుడు పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి. చదవడం రాకపోతే బడికెళ్లే పిల్లల చేత చదివించండి. పోయినసారి ఏది కొట్టామో ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఇంత చిన్న పని మన సంఘం సభ్యుల్లో ఎంతమంది చేస్తున్నారు? చేతులెత్తమని అడగను, సిగ్గుపడాల్సి వస్తుంది, నాతో సహా.

పేను కోసం కొట్టిన మందుతో ఊరుకోం. "ఎలాగూ కొడుతున్నాం కదా" అని రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలుపుతాం. అందులో సైపర్‌మెత్రిన్ లాంటిది ఉంటే, మేలు చేసే పురుగులన్నీ పోయి, రసం పీల్చేవి ముందుకంటే ఎక్కువ రేగుతాయి. ఇది కొత్త పాఠం కాదు. 1980ల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద ఆ జాతి మందులు విపరీతంగా కొట్టాక తెల్లదోమ విరుచుకుపడింది. అప్పులపాలైన పత్తి రైతులు 1987, 88 ప్రాంతంలో పురుగుమందు తాగి చనిపోయారు. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. 2021-22లో మిరపలో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు ఒక్కో రైతు ఎన్నిసార్లు కొట్టాడో, చివరికి చెట్టు ఎలా మిగిలిందో మొన్నటి సంగతే.

మిరప, బొప్పాయి రైతులకు ఒక మాట విడిగా చెప్పాలి. మీ దగ్గర పేను చేసే అసలు నష్టం రసం పీల్చడం వల్ల కాదు. అది వైరస్‌ను మోస్తుంది. బొప్పాయిలో ఆకు మీద పసుపు మచ్చలు పడి, కాయ మీద ఉంగరాల్లాంటి వలయాలు వస్తాయే, ఆ తెగులు పేను మోసుకొచ్చిందే. రెక్కల పేను ఎక్కడి నుంచో ఎగిరొచ్చి ఆకు మీద వాలి, రుచి చూడటానికి ముక్కు గుచ్చితే చాలు, కొన్ని క్షణాల్లో వైరస్ ఎక్కిపోతుంది. మీరు కొట్టిన మందు ఆ పేనును గంటలో చంపుతుందో, పూటలో చంపుతుందో గానీ, అప్పటికే పని అయిపోయింది. తెగులు కనపడ్డ తర్వాత మందు కొట్టడం దొంగ వెళ్లిపోయాక తలుపుకు రెండు తాళాలు వేయడమే. అక్కడ పనికొచ్చేది నారుమడి మీద దోమతెర, తెగులు సోకిన మొక్కను మొదట్లోనే పీకి పాతేయడం, చేను చుట్టూ ముందే రెండు మూడు వరసలు జొన్నో మొక్కజొన్నో వేయడం. బయటినుంచి వచ్చిన పేను ముందు ఆ జొన్న మీద వాలి ముక్కు గుచ్చుతుంది. జొన్నకు ఆ వైరస్ అంటదు. దాని ముక్కుకు ఉన్నదంతా అక్కడే తుడుచుకుపోతుంది. అరటిలో వెర్రితలలు వేసే తెగులు కూడా పేను తెచ్చేదే. అక్కడ కూడా తెగులున్న పిలకను నాటకపోవడం, సోకిన చెట్టును తవ్వి తీసేయడం ముందు.

యూరియా సంగతి చెప్పి చెయ్యాల్సిన పనుల్లోకి వస్తాను. చెట్టు రసంలో చక్కెర ఎక్కువ, పేను ఒళ్లు పెరగడానికి కావలసిన నత్రజని తక్కువ. అందుకే అది రసం తెగ తాగి, పనికిరాని తీపిని బయటికి వదిలేస్తుంది. ఆకు మీద బంక అదే, దాని మీద పెరిగే నల్ల బూజే మసి తెగులు. మనం యూరియా దండిగా వేస్తే రసంలో నత్రజని పెరుగుతుంది. పేను పిల్లల్ని ఇంకా వేగంగా కంటుంది. చేను నల్లగా నిగనిగలాడుతుంటే ఊరంతా మెచ్చుకుంటుంది, పేను కూడా మెచ్చుకుంటుంది. యూరియాను విడతలుగా, మోతాదులో వెయ్యండి. కుసుమ వేసేవాళ్లు అదను దాటనివ్వకండి, ఆలస్యంగా వేసిన కుసుమను పేను వదలదు.

పెరటి పాదుకు ఏం చెయ్యాలి? ముందు చీమల్ని చూడండి. ఆ తీపి బంక కోసం చీమలు పేనును మనం గేదెల్ని కాసినట్టు కాస్తాయి, అక్షింతల పిల్లల్ని తరిమేస్తాయి. పందిరి గుంజలకు గ్రీజు పూసిన గుడ్డ చుట్టండి, చీమల దారి ఆగుతుంది. గుడ్డ పందిరి గుంజకే, పాదు కాండానికి గ్రీజు తగలనివ్వకండి. బాగా పట్టిన చిగుళ్లు తుంచి పారెయ్యండి. మిగతావాటిని నీళ్ల పైపుతో ఆకు అడుగున గట్టిగా కొట్టండి. కిందపడ్డ పేనులో చాలావరకు తిరిగి ఎక్కలేదు. కుండీల్లో మందారం, గులాబీ పెంచుకునేవాళ్లకూ ఇదే మాట.

అయినా తగ్గకపోతే సబ్బు నీళ్లు. లీటరు నీటికి ఐదు గ్రాముల బట్టల సబ్బు తురిమి కరిగించండి. వాషింగ్ పౌడర్ వద్దు, ఆకు మాడుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పనీళ్లు, సబ్బు నురగ రాదు, విరిగిపోయి తెట్టు కడుతుంది. అలాంటి నీళ్లతో కొట్టి పని చెయ్యలేదంటే సబ్బు తప్పు కాదు. తాగే నీళ్లు, వాన నీళ్లు వాడండి. ముందు ఒక కొమ్మ మీద కొట్టి ఒక రోజు చూడండి. ఎండలో కొట్టొద్దు, సాయంత్రం కొట్టండి. సబ్బు నీళ్లు తగిలిన పేనే చస్తుంది, తగలనిది చావదు, ఆరిపోయాక దానికి బలం ఉండదు. అందుకే ఆకు అడుగు తడవాలి, నాలుగైదు రోజులకు ఇంకోసారి కొట్టాలి. అక్షింతల పిల్లలున్న కొమ్మను వదిలెయ్యండి. కాయ మర్నాడు కడిగి వండుకోవచ్చు.

చేనుకైతే వేప. దుకాణంలో వేపనూనె 1500 పీపీఎం అని రాసి ఉన్నది లీటరుకు 5 మిల్లీలీటర్లు. ఇంట్లో చేసుకుంటే ఖర్చు శ్రమే. ఐదు కిలోల వేప గింజల పప్పు దంచిన పొడిని పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, వంద గ్రాముల సబ్బు కలిపి, మొత్తం వంద లీటర్లు చెయ్యాలి. ఎకరం చేనుకు పైరు ఎదిగాక రెండు వందల లీటర్లు పడుతుంది, అంటే పది కిలోల పొడి. పోయినేటి పాత గింజకు బలం తగ్గుతుంది. వేప పండ్లు రాలే రోజుల్లో మన ఊళ్లో చెట్ల కింద గింజంతా బయటివాళ్లు ఏరుకుపోతున్నారు, ఆ తర్వాత మనం అదే వేపను సీసాలో కొనుక్కుంటున్నాం. మహిళా సంఘాలు ఈ వేసవి తర్వాత పట్టుకోవలసిన పని ఇది. పాత ఖమ్మం జిల్లాలో పునుకుల అనే ఊరుంది. పత్తికి రసాయన మందు మానేసిన ఊరుగా 2000 తర్వాత కొన్నేళ్లలోనే పేరొచ్చింది. అక్కడ పట్టుపట్టింది ఎక్కువగా ఆడవాళ్ల సంఘాలే. మందు కొట్టే మగవాళ్లకంటే ఆ బట్టలుతికే ఆడవాళ్లకు ఆ వాసన సంగతి ఎక్కువ తెలుసు.

పత్తి చేను గట్ల మీద, పది పన్నెండు వరసలకొక వరస అలసంద వెయ్యండి. అలసందకు ముందు నల్ల పేను పడుతుంది, కంగారు పడొద్దు. ఇందాక చెప్పాను కదా, అది వేరే జాతి, పత్తి మీదికి పెద్దగా రాదు. కానీ దాన్ని తినడానికి అక్షింతల పురుగులు వచ్చి, అక్కడ పిల్లల్ని పెంచి, పత్తిలో పేను పెరిగే వేళకు పత్తి మీదికి మళ్లుతాయి. పైగా అలసంద కాయ కూరకొస్తుంది. ఆ వరస మీద మాత్రం మందు పడనివ్వకండి.

వీటితో ఆగని ఏడాది కూడా వస్తుంది. మందు అసలే ముట్టొద్దని నేను చెప్పను, అలా చెప్తే అబద్ధమవుతుంది. వానలు ఆగి, మబ్బు పట్టి, పేను చేనంతా ముసురుకుంటే కొట్టాల్సి రావచ్చు. అప్పుడు కూడా చేను అంతటినీ ముంచకుండా, కాండానికి మందు పూసే పద్ధతి ఉంది. ఇమిడాక్లోప్రిడ్‌ను ఒక పాలు మందు, ఇరవై పాళ్లు నీళ్లు కలిపి, బ్రష్‌తో లేత కాండానికి ఒక పక్క పూస్తే రసంతో పాటు పైకి పోతుంది, రసం పీల్చేది చస్తుంది, ఆకు మీద తిరిగే అక్షింతల పురుగు బతుకుతుంది. చేతికి తొడుగు లేకుండా మాత్రం చెయ్యొద్దు. ఎప్పుడు కొట్టాలో తేల్చడానికి చేలో నాలుగు మూలలు, మధ్యలో కలిపి ఐదు చోట్ల, చోటుకు నాలుగైదు మొక్కలు చూడండి. పేనుతో పాటు దాన్ని తినేవాటిని కూడా లెక్కపెట్టండి. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ వాళ్లు నేర్పేది కూడా ఇదే. పురుగులు, వాటిని తినేవి రెండుకు ఒకటి చొప్పున ఉంటే మందు అక్కర్లేదంటారు. పేను గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం కుదరదు, నిజమే. నేను చేసేది ఇది: పేను ఉన్న చిగుళ్లలో ఎన్నింటి మీద అక్షింతల పిల్లో, ఉబ్బిన పేనో ఉందో చూస్తాను. సగానికి సగం మీద ఉంటే వారం ఆగుతాను. ఇది పుస్తకంలో ఉన్న లెక్క కాదు, నా లెక్క.

ఇప్పుడు అసలు అడ్డంకి. ఇదంతా విని, "బాగానే చెప్పావన్నా, కానీ నేను ఆగలేను" అనే రైతు ఎవరో నాకు తెలుసు. కౌలు రైతు. విత్తనం అప్పు మీద తెచ్చాడు, ఎరువు అప్పు మీద తెచ్చాడు, పంట కూడా ఆ కొట్టుకే వెయ్యాలి. ఆకు పట్టుకుని వెళ్తే ఆ కొట్టాయనే డాక్టరు, ఆయనే మందులవాడు, ఆయనే షావుకారు. ఆయన రెండు డబ్బాలు ఇస్తే ఒకటి చాలని ఎలా అంటాడు? రేపు పంట పోతే "నేనిచ్చింది కొట్టలేదు కదా" అన్న మాట పడాలి. అప్పు లేని రైతు వారం ఆగగలడు. అప్పున్న రైతుకు ఆ వారం లేదు. కాబట్టి దీన్ని ఒక్కో రైతు తెలివికి వదిలేస్తే కుదరదు, సంఘం తలకెత్తుకోవాలి.

మూడు పనులు అడుగుతున్నాను. వ్యవసాయ విస్తరణాధికారి ఆకు చూసి, ఏం కొట్టాలో, అసలు కొట్టాలో లేదో కాగితం మీద రాసివ్వాలి. రైతువేదికలో మీటింగు పెట్టి ఫొటో దిగితే సరిపోదు, చేలోకి రావాలి. కొట్టులో ప్రతి డబ్బాకూ బిల్లు ఇవ్వాలి. అది మనకు చేసే దయ కాదు, 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద వాళ్లు పాటించాల్సిన నియమం. మందు నకిలీదని తేలినా, ఎవరికైనా ఒంటికి పడినా, బిల్లు లేకపోతే మన మాటకు విలువ లేదు. కౌలు రైతుకు బ్యాంకు అప్పు కోసం చేస్తున్న పోరాటాన్ని ఈ సంగతితో కలిపి చెప్పండి. పేనుబంకకూ పంట రుణానికీ సంబంధమేంటని అడిగేవాళ్లకు మందు బిల్లు చూపించండి.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. భోజనం తర్వాత పక్కనున్న చేలోకి వెళ్దాం. గట్టు మీద అలసంద ఉంది, పేను పట్టి ఉంది, పొద్దున చూసొచ్చాను. భూతద్దాలు నాలుగే తెచ్చాను, ఐదుగురికొకటి చొప్పున పంచుకోండి. ఉబ్బిన పేనును ముందు ఎవరు పట్టుకుంటారో చూద్దాం. అక్కయ్యలు ముందు నడవండి.